ఇంట గెలిచినవారు రచ్చకు రావద్దా?



ఉపన్యాసాలు విని మరచిపోవడం మనకు అలవాటు. అందులోను స్నాతకోత్సవ ప్రసంగమంటే చెప్పనే అక్కరలేదు. పట్టా ఎప్పుడు చేతికి వస్తుందా అని పిల్లలు, ఫోటో ఎప్పుడు తీయించుకుందామా అని తల్లిదండ్రులు ఎదురుచూస్తూ ఉండగా, వేదిక మీది పెద్దలు కష్టపడండి, గొప్ప కలలు కనండి, దేశానికి పేరు తెండి అని చెప్పి కూర్చుంటారు. ఆ మాటలలో తప్పేమీ లేదు. కాని అవి ఏ ఊరిలోనైనా, ఏ సంవత్సరంలోనైనా, ఎవరికైనా చెప్పదగిన మాటలు. అటువంటి మాటలు ఎవరికీ గట్టిగా తగలవు.

వాటి నడుమ ఒక ప్రసంగం నన్ను ఆపి కూర్చోబెట్టినది. 2021 డిసెంబరు 9వ తేదీన ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఎనిమిదవ స్నాతకోత్సవంలో నాటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ నూతలపాటి వెంకటరమణ గారు చేసిన ప్రసంగమది. ఏండ్లు గడిచినా అది నా మనసులో నుండి పోలేదు. దానిని ఎందుకు మెచ్చుకొనవలెనో, ఎక్కడ కొంచెం సవరించుకొని చదువుకొనవలెనో మీ ముందుంచడమే ఈ టపా ఉద్దేశం.

ముందుగా మాట గురించి ఒక మాట. స్నాతకుడు అనగా స్నానమాడినవాడు. గురుకులవాసం ముగించుకొని, సమావర్తన స్నానం చేసి, ఇంటిదారి పట్టే బ్రహ్మచారికి ఆ పేరు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, వేదాధ్యయనం పూర్తిచేసిన శిష్యునికి గురువు చేసే అనుశాసనం ఉన్నది. మన దేశంలో స్నాతకోపదేశానికి అంతకంటె పెద్ద ఆదర్శం లేదు. సత్యం, ధర్మం, స్వాధ్యాయం, తల్లిదండ్రుల సేవ, అతిథి పూజ ఇవన్నీ అందులో వస్తాయి. నాకు అన్నింటికంటె గొప్పగా తోచేది మాత్రం మరొకటి. గురువు తనలోని మంచి నడతనే అనుసరించమంటాడు, తక్కినదానిని అనుసరించవద్దంటాడు. పెద్దలలోనూ విడువదగినది ఉంటుందని ఆ పెద్దమనిషి శిష్యుని ముందే చెప్పగలిగినాడు.

అందుచేత మంచి స్నాతకోత్సవ ప్రసంగానికి నేను రెండు లక్షణాలు చూస్తాను. చదువుకొన్నవాడు లోకానికి ఏమి బాకీ ఉన్నాడో అది చెప్పవలెను. ఆ బాకీ తీరకపోవడంలో పెద్దల పాలు ఎంత ఉన్నదో అదికూడ దాచకుండా చెప్పవలెను. మొదటిది చెప్పి రెండవది దాచితే అది కేవలం మందలింపు. రెండవది చెప్పి మొదటిది విడిచితే అది ముఖస్తుతి. వెంకటరమణ గారి ప్రసంగంలో రెండూ ఉన్నవి.

వక్త ఎవరో తెలియనివారు మనలో ఉండరు. అయినా నాలుగు మాటలు. వారు 1957లో కృష్ణా జిల్లా పొన్నవరం గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టినారు. న్యాయవాద వృత్తిలో చేరకముందు కొంతకాలం ఈనాడు పత్రికలో పనిచేసినారు. 1975లో అత్యవసర పరిస్థితి విధించినప్పుడు విద్యార్థి నాయకునిగా పౌరహక్కుల పక్షాన నిలిచి, ఒక విద్యాసంవత్సరాన్ని పోగొట్టుకొన్నారు. 2021 ఏప్రిల్ 24 నుండి 2022 ఆగస్టు 26 వరకు 48వ భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. తెలుగువారిలో అంతకుముందు ఆ పీఠమెక్కినవారు కోకా సుబ్బారావు గారొక్కరే. తనకు క్రియాశీల రాజకీయాలలోకి రావలెనన్న కోరిక ఉండేదని, విధి మరొక దారి చూపినదని 2022 జూలైలో రాంచీ సభలో ఆయనే చెప్పినారు. కాబట్టి ఢిల్లీలో పిల్లలకు చెప్పిన మాట ఆయన అనుభవంలో నుండి వచ్చినదే.

ఇక ఆయన చెప్పినదేమి? సారాంశం ఇది. ఆర్థిక సరళీకరణ తర్వాతి దశాబ్దాలలో విద్యార్థి లోకం నుండి పెద్ద నాయకుడెవరూ రాలేదు. సామాజిక విషయాలలో విద్యార్థుల పాత్ర తగ్గిపోవడానికీ దీనికీ సంబంధం ఉన్నది. స్వాతంత్ర్యోద్యమంలో విద్యార్థులు ముందు నిలిచినారు. వారు లేవనెత్తిన విషయాలను తర్వాత రాజకీయ పక్షాలు అందుకొన్నవి. చదువుకొన్న యువకులు సమాజపు వాస్తవానికి దూరంగా ఉండరాదు. వారికి సామాజిక, రాజకీయ చైతన్యం కలిగితేనే తిండి, బట్ట, వైద్యం, ఇల్లు, చదువు అనే మూలసమస్యలు దేశపు చర్చలోకి వస్తాయి. మంచి నడవడి, ముందుచూపు కల విద్యార్థులు ప్రజాజీవితంలోకి రావలెను. దేశంలో 18 నుండి 23 ఏండ్ల వయసువారిలో సుమారు 27 శాతం మందే విశ్వవిద్యాలయ చదువులో చేరుతున్నారని కూడ వారికి గుర్తుచేసినారు. అనగా, ఆ గదిలో కూర్చున్నవారు నలుగురిలో ఒక్కరన్నమాట. తక్కిన ముగ్గురి తరఫున కూడ ఆలోచించవలసినవారన్నమాట.

ఇంతవరకు మొదటి లక్షణం. రెండవది ఇంకా గట్టిది. ఎక్కువ జీతం తెచ్చే వృత్తివిద్యల మీది మోజులో మానవీయ శాస్త్రాలను, ప్రకృతి శాస్త్రాలను నిర్లక్ష్యం చేస్తున్నామని, ఆ ఉద్యోగాల ఆత్రంలో పిల్లలను ప్రైవేటు రెసిడెన్షియల్ పాఠశాలలకు, కోచింగ్ కేంద్రాలకు ప్రవాసం పంపుతున్నామని, లేత మనసులు వికసించవలసిన కాలం జైలును పోలిన ఉక్కిరిబిక్కిరి వాతావరణంలో గడిచిపోతున్నదని అన్నారు. దేశానికి ప్రధాన న్యాయమూర్తి నోట జైలు అన్న పోలిక రావడం చిన్న విషయం కాదు. జైలంటే ఏమిటో ఆయనకు తెలియనిది కాదు.

ఇక్కడ మన తెలుగు మాట ఒకటి తీసుకుంటాను. ఇంట గెలిచి రచ్చ గెలువమని మనకు సామెత ఉన్నది. రచ్చ అనే మాట సంస్కృతంలోని రథ్యా శబ్దానికి తద్భవం. బాట అని మొదటి అర్థం. పదిమంది కూడే చోటు, ఊరి సభ జరిగే చోటు అని తర్వాతి అర్థం. రచ్చబండ, రచ్చచావడి అందులోనుండి వచ్చినవే. ఊరి తగవు తీరేది అక్కడ, పన్నుల మాట, చెరువు మాట, కాలువ మాట నడిచేది అక్కడ. ఈనాటి పిల్లలను రచ్చ అంటే ఏమిటని అడగండి. గొడవ అంటారు, అల్లరి అంటారు. రచ్చ చేయడమంటే నలుగురిలో గోల చేయడం. పదిమంది కూడి ఆలోచించే చోటు పేరు గోలకు పేరైపోయినదంటే, ఆ చోటు ఎంత పాడుబడినదో మాటే సాక్ష్యం చెబుతున్నది. మంచివారు రాకపోతే ఏ చోటైనా గోలచేసేవారి పాలవుతుంది. వెంకటరమణ గారి ప్రసంగాన్ని ఒక్క వాక్యంలో తెలుగు చేయమంటే నేను ఇట్లా చేస్తాను: ఇంట గెలిచినారు, సంతోషం, ఇక రచ్చకు రండి.

అది ఎదురుగా కూర్చున్న న్యాయ పట్టభద్రులతో చెప్పడం ఎంత సబబో మన తెలంగాణ చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘ సంస్కార సభ జరిగినది. అధ్యక్షులు కార్వే పండితుడు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేసినారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టినది. అది పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయినది. ఆరవ మహాసభ 1937లో మా ఇందూరులోనే, అనగా నిజామాబాదులోనే, మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన జరిగినది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, సురవరం ప్రతాపరెడ్డి, మందుముల నరసింగరావు గార్లందరూ న్యాయశాస్త్రం చదివినవారే. ఇంట గెలవడానికి వారికి వకాలతు చాలు. సురవరం వారు ఆ దారి విడిచి 1926లో గోలకొండ పత్రికను పెట్టినారు. వారు రచ్చకు వచ్చినారు కనుకనే ఆనాడు పల్లెలో వెట్టిచాకిరి మాట, బడి మాట, గ్రంథాలయం మాట సభలలో వినబడినవి.

విద్యార్థుల సంగతీ అంతే. 1938లో ఉస్మానియా వసతిగృహాలలో వందేమాతరం పాడరాదని నిషేధించినప్పుడు పిల్లలు వినలేదు. బహిష్కృతులైనారు. వారిలో చాలామంది నాగపూరు విశ్వవిద్యాలయానికి వెళ్ళి చదువు సాగించినారు. అట్లా వెళ్ళినవారిలో పాములపర్తి వేంకట నరసింహారావు గారు ఒకరు. ఇందులో ఒక విచిత్రం గమనించినారా? 1991లో ప్రధానమంత్రియై సరళీకరణకు తలుపులు తెరిచినది ఆ నరసింహారావు గారే. విద్యార్థి దశలో ఊరేగింపుల దారి నుండి వచ్చిన మనిషి తెరిచిన తలుపులలో నుండి వెళ్ళిన తరం మళ్ళీ ఆ దారి తొక్కలేదని వెంకటరమణ గారి ఫిర్యాదు. దీనిని బట్టి సరళీకరణ చెడ్డదని నేను అనబోను. నేను ఆర్థిక శాస్త్రం చదివినవాడను కాను. మా వైపు ఎన్నో ఇండ్లలో దీపం వెలిగినది ఆ ఉద్యోగాల వల్లనే. కాని ఇంట దీపం వెలిగినంత మాత్రాన వీధిదీపం అక్కరలేదని ఎవరూ అనరు గదా.

ఇక్కడే ఒక సవరణ చెప్పుకోవాలి. సరళీకరణ తర్వాత విద్యార్థులు కదలలేదన్న మాట దేశం మొత్తానికి సరిపోవచ్చును. తెలంగాణకు పూర్తిగా సరిపోదు. 2009 డిసెంబరులో ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల పిల్లలు కదిలిన తీరు మనమందరం చూచినదే. శ్రీకాంతాచారి ప్రాణమే అర్పించినాడు. ఆ ఉద్యమంలో నుండి వచ్చిన విద్యార్థి నాయకులు కొందరు 2014లో శాసనసభకు, లోక్‌సభకు ఎన్నికైనారు. ఎవరు ఏ పార్టీలో చేరినారు, తర్వాత ఏమి చేసినారు అన్నది వేరే చర్చ. కాని ఆ పిల్లలలో ఎక్కువమంది ఎక్కడివారు? ప్రభుత్వ బడులలో, తెలుగు మాధ్యమంలో చదివి, విశ్వవిద్యాలయం హాస్టలు దాకా వచ్చిన పల్లెటూరివారు. కార్పొరేటు కళాశాలల గోడల మధ్య పెరిగినవారు అందులో తక్కువ. కాబట్టి నా సవరణ ఆయన సిద్ధాంతాన్ని పడగొట్టడం లేదు, ఇంకా బలపరుస్తున్నది. గోడలు లేనిచోట విద్యార్థి నాయకత్వం పుట్టినది.

గోడల మాట వచ్చినది గనుక మా ప్రాంతం సంగతి చెబుతాను. మా ఎడపల్లి నిజామాబాదు నుండి బోధన్ పోయే దారిలో ఉన్నది. పదవ తరగతి పరీక్షలు ముగియకముందే కార్పొరేటు కళాశాలల పీఆర్వోలు ఇంటింటికీ తిరుగుతారు. మార్కులు బాగా వచ్చే పిల్లవాడి ఇంటికి ముందు వస్తారు. పొలం మీద అప్పు తెచ్చి అయినా ఫీజు కట్టే తండ్రులున్నారు. పిల్లవాడు హైదరాబాదులో ఒక అపార్టుమెంటు వంటి కట్టడంలో దిగుతాడు. ఆడుకొనే స్థలం ఉండదు. తెల్లవారుజామున లేచినది మొదలు రాత్రి దాకా స్టడీ అవర్లు. నెలకొకసారో, పండుగకో ఔటింగు. వార్తాపత్రిక ఉండదు. పంచాయతీ ఎన్నికలు వచ్చిపోతాయి, ఊరిలో కాలువ ఎండుతుంది, నిండుతుంది, ఆ పిల్లవాడికి తెలియదు. రెండేండ్లకు తిరిగి వచ్చేసరికి ఊరు వాడికి చుట్టపుచూపుగా వచ్చే చోటు. వాడిని స్వార్థపరుడని నిందించడం న్యాయం కాదు. పదిమంది పనిని వాడికి మనం చూపించనే లేదు. చూడనిదానిని ఎట్లా ప్రేమిస్తాడు?

అట్లాగని హాస్టలే చెడ్డదనుకోరాదు. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి హాస్టలు కూడ వసతిగృహమే. సురవరం వారు దానికి కార్యదర్శిగా ఉన్నారు. అక్కడ గ్రంథాలయం ఉన్నది, సభలు, చర్చలు ఉన్నవి. ఇందాక చెప్పిన వందేమాతర ఉద్యమం మొదలైనదే హాస్టలులో. పదిమంది పిల్లలు ఒక కప్పు కింద ఉండడం ఆలోచన పుట్టడానికి అనువైన సంగతి. ఆ కప్పు కింద ర్యాంకు తప్ప మరొక మాట వినబడకుండా చేసినప్పుడే అది జైలవుతుంది. వెంకటరమణ గారు తాము న్యాయశాస్త్రం చదువుకొన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో 2022 ఆగస్టులో గౌరవ డాక్టరేటు అందుకొంటూ, విద్యా కర్మాగారాలు పుట్టుకొచ్చి పట్టాల విలువ పడిపోతున్నదని మళ్ళీ బాధపడినారు. ఢిల్లీలో అన్నది ఒకనాటి ఆవేశం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

తెలుగు పండితుడను గనుక దీనికి భాష సంగతి ఒకటి చేర్చక తప్పదు. ఇంటర్మీడియట్లో కార్పొరేటు కళాశాలల పిల్లలలో చాలామంది ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకొంటారు. కాళిదాసు మీద ప్రేమతో కాదు. మార్కులు సులువుగా పడతాయని. అక్షరం దిద్దినంత శ్రమతోనే నూటికి తొంభై దాటవచ్చునని. సంస్కృతం మీద నాకు గౌరవమే, దానితోనే నేను బతికినాను. కాని ఇందులో సంస్కృతమూ రావడం లేదు, తెలుగూ పోతున్నది. తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం చేసి పదవ తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసినది, మంచిదే. ఆ పైన పదహారు, పదిహేడేండ్ల వయసులో, లోకం గురించి ఆలోచించడం మొదలయ్యే కాలంలో, తెలుగు వారి చేతిలో నుండి జారిపోతున్నది. రచ్చ నడిచేది తెలుగులో. అర్జీ రాసేది తెలుగులో, గ్రామసభలో అడిగేది తెలుగులో, ముసలివారు తమ కష్టం చెప్పుకొనేది తెలుగులో. ఆ భాష రానివాడు ఎంత చదివినా రచ్చలో మూగవాడే.

భాష వస్తే ఏమవుతుందో వెంకటరమణ గారే చూపినారు. 2021 జూలైలో సర్వోన్నత న్యాయస్థానంలో గుంటూరు జిల్లా దంపతుల కేసు విచారణకు వచ్చినది. ఇరవై ఏండ్ల పైబడిన తగవు. ఆ మహిళకు ఆంగ్లంలో చెప్పుకోవడం కష్టమైనప్పుడు, తెలుగులో చెప్పమని ఆమెను అడిగి, పక్కనున్న న్యాయమూర్తికి తానే అనువదించి చెప్పినారు. భర్తకు శిక్ష పెంచితే అతని ఉద్యోగం పోతుందని, దానితో భరణం కూడ పోతుందని ఆమెకు తెలిసే భాషలో చెప్పినారు. తగవు రాజీ దారి పట్టినది. ఇరవై ఏండ్ల వ్యాజ్యంలో ఆమె భాషలో ఆమెకు విషయం చెప్పిన నిమిషాలు ఎన్నో గాని, ఫలించినవి మాత్రం ఆ నిమిషాలే. తర్వాత 2023 జూన్‌లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానం తొలిసారి తెలుగులో తీర్పు ఇచ్చినది. ఇవి మంచి గుర్తులు.

మా బోధన్ చక్కెర కర్మాగారం కథ ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. నిజాంసాగరు నీళ్ళు 1930ల మొదట్లో పొలాలకు వచ్చినవి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకొనేవారు. దాని చుట్టూ చెరుకు, దాని చుట్టూ బతుకులు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు భాగస్వామికి పోయి సంయుక్త రంగ సంస్థ అయినది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించినారు. చిమ్నీ పొగ ఆగిపోయినది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనే తీర్పు నేను చెప్పబోవడం లేదు. నేను చెప్పేది ఒక్కటే. ఈ నిర్ణయాలన్నీ కాగితాల మీద జరిగినవి. ఒప్పందాలు, వాటాలు, బ్యాంకు బాకీలు, కోర్టు ఉత్తర్వులు. అన్నీ ఆంగ్లంలోనే. చెరుకు వేసే రైతుకు, ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికునికి అవి అందని కాగితాలు. ఈ మండలాలలో నుండి ఇంజినీర్లయినవారు, లెక్కలు చదివినవారు, న్యాయశాస్త్రం చదివినవారు ఎందరో ఉన్నారు. ఆ కాగితం చదివి, ఇందులో మనకు ఇది ఉన్నది, ఇది లేదు, ఇది అడగవలెను అని రచ్చబండ మీద తెలుగులో చెప్పే చదువరి ఊరికొక్కడు ఉంటే రైతు అడిగే ప్రశ్న మరొక తీరుగా ఉండేది. ఫ్యాక్టరీ నిలిచేదో లేదో చెప్పలేను. కాని మన బతుకుల మీద నిర్ణయం మనకు అర్థం కాకుండానే జరిగిపోయినదన్న బాధ మిగిలి ఉండేది కాదు.

రాజ్యాంగం గురించి తెలిసినది న్యాయ విద్యార్థులకు, న్యాయవాదులకు, మరికొద్దిమందికి మాత్రమేనని వెంకటరమణ గారు 2022 జూలై చివర రాయపూరు హిదాయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో విచారించినారు. ఆ విచారానికి మా చెరుకు పొలాల దగ్గర అర్థం ఇదే. తెలిసినవారు ఒకచోట, అవసరమున్నవారు మరొకచోట. మధ్య వంతెన లేదు.

దీనికి కొన్ని ఆక్షేపణలు వస్తాయి. నాకు ఎదురైనవే చెబుతాను.

మొదటిది తల్లిదండ్రుల ఆక్షేపణ. అప్పు చేసి చదివించినాము, ముందు ఇల్లు నిలబడనీయండి అంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. బీద ఇంటి పిల్లవాడిని ఉద్యోగం మాని ఊరేగింపుకు రమ్మనడం అన్యాయం. సామెత కూడ ముందు ఇంట గెలువమనే అన్నది. కాని సామెత అక్కడ ఆగలేదు. ఇల్లు నిలబడిన తర్వాత కూడ, రెండు ఇండ్లు, మూడు ప్లాట్లు అయిన తర్వాత కూడ ఇంకా ఇంటనే గెలుస్తూ ఉండేవారి సంగతి ఏమి? ఆ ప్రసంగం అటువంటి వారికి ముందుగా చెప్పవలసినది.

రెండవది, విద్యార్థి రాజకీయమంటే గొడవలే గదా అన్నది. ఎన్నో కళాశాలలలో కొట్లాటలు జరిగిన మాట నిజం. పార్టీలు పిల్లలను జెండా మోయించి విడిచిపెట్టిన మాటా నిజం. అయితే నీళ్ళు మురికైనవని చెరువు పూడ్చుకొంటామా, పూడిక తీసుకొంటామా? పూడిక తీసేందుకే మంచి విద్యార్థులు దిగవలెనని ఆయన అన్నది.

మూడవది నా సొంత సందేహం. నాయకులు కండి అని ఆయన అన్నారు. అందరూ నాయకులు కాలేరు, కానక్కరలేదు. ఊరికి కావలసినది ఒక పెద్ద నాయకుడి కంటె పదిమంది చదువుకొన్న పౌరులు. రాజ్యాంగంలోని 73వ సవరణ 1993లో అమలులోకి వచ్చినప్పటి నుండి గ్రామసభకు రాజ్యాంగపు గుర్తింపు ఉన్నది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాడు అందులో సభ్యుడే. ఓటు వయసు 1989 నుండి 18 ఏండ్లు. 21 నిండితే పంచాయతీకి పోటీ చేయవచ్చును. అనగా డిగ్రీ మొదటి సంవత్సరం చదివే పిల్ల గ్రామసభలో లేచి నిలబడి పంచాయతీ లెక్క అడగవచ్చును. ఆ లెక్క అడగడానికి నాయకత్వం అక్కరలేదు. చదువూ, కొంచెం ధైర్యమూ చాలు. ప్రజాజీవితమంటే ఎన్నికలు, వేదికలు, దండలే అనుకోవడం వల్ల మంచి పిల్లలు భయపడి దూరంగా ఉంటున్నారు. ఒక ముసలమ్మ పింఛను అర్జీ రాసిపెట్టడం, భూమి కాగితం చదివి చెప్పడం, గ్రామసభ తీర్మానం సరిగా రాయించడం కూడ రచ్చ గెలవడమే. వెంకటరమణ గారి ప్రసంగానికి నేను చేర్చగోరే వ్యాఖ్యానం ఇంతే.

మరి దూరదేశాలలో ఉన్నవారు? మా జిల్లా నుండి గల్ఫుకు పోయినవారు ఎందరో, అమెరికా పోయినవారూ ఎందరో. వారు రచ్చకు ఎట్లా వస్తారని అడగవచ్చును. ఊరి బడికి పుస్తకాలు పంపేవారు, గుడికి చందా పంపేవారు ఉన్నారు, మెచ్చుకోదగినదే. దానితోబాటు తమకు వచ్చిన చదువును ఊరి భాషలో పెట్టి పంపితే ఇంకా మేలు. ఒక చట్టాన్ని, ఒక పథకాన్ని, ఒక పంట సంగతిని నాలుగు పుటలలో తేలిక తెలుగులో రాసినవాడు వేయి మైళ్ళ దూరాన ఉన్నా రచ్చబండ మీద కూర్చున్నట్టే. మనం ఇక్కడ తెలుగులో రాసుకొంటున్నది కూడ అందుకు పనికివస్తేనే సార్థకం. కవిత్వం వద్దనను, కాని కవిత్వంతోబాటు కాలువ గురించి, కందాయం గురించి, కోర్టు తీర్పు గురించి కూడ మంచి తెలుగు వచనం కావలెను. ఆ వచనం రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు.

ఒక న్యాయమూర్తి ఒక గంటసేపు మాట్లాడితే దేశం మారదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆనాడు పట్టాలు పుచ్చుకొన్నవారిలో చాలామంది పెద్ద కంపెనీల న్యాయ సంస్థలలోనే చేరి ఉంటారు. వారిలో ఒక్కరైనా పదేండ్ల తర్వాత తన ఊరి కాగితాన్ని తన ఊరి భాషలో చదివి చెప్పడానికి వస్తే ఆ ప్రసంగం వృథా కాలేదన్నమాట. ఇటువంటి మాట చెప్పిన పెద్దలను మెచ్చుకోవడం మన వంతు. పదవ తరగతి పాసైన పిల్లవాడిని ఏ గోడల మధ్యకు పంపాలా అని ఆలోచిస్తున్న ఇంటికి ఈ మాట చేర్చడం కూడ మన వంతే.

మీ ఊళ్ళలో చదువుకొని రచ్చకు వచ్చినవారు ఉంటే వారి పని గురించి రాయండి. పేరు అక్కరలేదు, చేసిన పని చాలు.

సెలవు.